ఆర్నాల్డ్ థైలర్

సర్ ఆర్నాల్డ్ థైలర్ (మార్చి 26, 1867 - జూలై 24, 1936) స్విట్జర్లాండులో జన్మించి దక్షిణాఫ్రికాలో పనిచేసిన ప్రముఖ పశువైద్య శాస్త్రవేత్త. పిడుదుల ద్వారా పశువులకు సోకే అనాప్లాస్మోసిస్ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని ఇతడు 1910లో గుర్తించాడు.

జీవితం

థైలర్ ఆర్గౌ రాష్ట్రంలోని ఫ్రిక్ అనే ఊరిలో జన్మించాడు. బెర్న్, జూరిచ్ నగరాలలో పశువైద్యం అభ్యసించి 1891లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ చేరుకున్నాడు. అక్కడ ఒక వ్యవసాయ క్షేత్రంలో పనిచేస్తుండగా మేత నరికే యంత్రంలో చిక్కుకొని ఎడమ చేతిని కోల్పోయాడు. అయినా వృత్తిని విడువలేదు. 1896లో ముసర వ్యాధి ప్రబలినపుడు దాని నివారణకు ప్రభుత్వ పశువైద్యుడిగా నియమితుడయ్యాడు. 1908లో ప్రిటోరియా సమీపాన ఒండర్‌స్టెపూర్ట్ పరిశోధనాలయం ఇతని ఆధ్వర్యంలో ప్రారంభమైంది. 1914లో సర్ బిరుదు లభించింది. 1936లో లండనులో మరణించాడు.

పరిశోధనలు

రక్తం పీల్చే జీవులు రోగాలను మోసుకొస్తాయన్న విషయం అప్పుడప్పుడే రుజువవుతున్న కాలమది. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్‌లు పశువుల ఎర్రమూత్ర జ్వరం పిడుదుల వల్ల వ్యాపిస్తుందని నిరూపించారు. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొన్నాడు.

జబ్బుపడిన పశువుల ఎర్ర రక్తకణాల అంచున కనిపించే చిన్న చుక్కలను స్మిత్ ఎర్రమూత్ర జ్వరపు క్రిమి (బబేసియా) దశలలో ఒకటిగా భావించాడు. అవి వేరే జీవి అనీ, వేరే వ్యాధిని కలిగిస్తాయనీ థైలర్ నిరూపించి, దానికి అనాప్లాస్మా మార్జినేల్ అని పేరు పెట్టాడు. తక్కువ హాని చేసే మరో జాతి, అనాప్లాస్మా సెంట్రేల్‌ను కూడా గుర్తించి టీకాగా ఉపయోగించాడు. ఆ టీకా కొన్ని దేశాలలో నేటికీ వాడుకలో ఉంది. అయితే అనాప్లాస్మాను ఇతడు ప్రోటోజోవాగా భావించాడు. అది బాక్టీరియా అని తరువాతి పరిశోధనలలో తేలింది.

పిడుదులో పెరుగుదల

పిడుదు పీల్చిన రక్తంతో పాటు అనాప్లాస్మా దాని పేగులోకి చేరి, పేగు గోడ కణాలలో స్థిరపడుతుంది. అక్కడ పొరతో కూడిన చిన్న సంచులలో ఒకటి రెండుగా విడిపోతూ వృద్ధి చెందుతుంది. తరువాత సాంద్రమైన రూపం ధరించి లాలాజల గ్రంథులకు చేరి అక్కడ మళ్ళీ పెరుగుతుంది. పిడుదు మరో పశువును కుట్టినపుడు లాలాజలంతో పాటు దాని రక్తంలో ప్రవేశిస్తుంది. పశువు నుండి పశువుకు పాకే మగ పిడుదులు ఈ వ్యాప్తిలో ముఖ్యమైనవి. కుట్టే ఈగలు, శుభ్రపరచని సూదుల వల్ల కూడా వ్యాధి సోకవచ్చు.

తెలుగు ప్రాంతాలలో ప్రాధాన్యత

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ వంటి మెట్ట ప్రాంతాలలో పశుపోషణ రైతుకు ముఖ్యమైన ఆధారం. అక్కడి రైతుకు కూడా థైలర్ చూపిన తేడా ఎంతో ముఖ్యం. రెండు వ్యాధులలోనూ జ్వరం, రక్తహీనత ఉంటాయి. కానీ అనాప్లాస్మోసిస్‌లో మూత్రం ఎర్రబడదు, కళ్ళు పాలిపోయి పచ్చబడతాయి. దీనికి టెట్రాసైక్లిన్ మందులు పనిచేస్తాయి, బబేసియాకు వేరే మందు కావాలి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా విభాగానికి నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ దుగ్గర్ కనుగొన్నది.

ఇతర విశేషాలు

థైలేరియా అనే క్రిమి ప్రజాతికి ఇతని పేరే పెట్టారు. కుమార్తె గెర్ట్రూడ్ పిడుదుల అధ్యయనంలో ప్రసిద్ధి చెందింది. కుమారుడు మాక్స్ థైలర్ పచ్చజ్వరం టీకాకు సంబంధించిన కృషికి 1951లో నోబెల్ బహుమతి పొందాడు.