బడిపంతులు తెచ్చిన బంగారం – రహీం సార్ జీవితం

ఫుట్‌బాల్ అనగానే మనకు బ్రెజిల్, అర్జెంటీనా గుర్తుకొస్తాయి. ఆసియాలో అయితే జపాన్. 1998 నుండి ప్రతి ప్రపంచకప్పులోనూ ఆడుతున్న దేశమది. అలాంటి జపాన్‌ను 1962లో మన భారత జట్టు 2-0 తేడాతో ఓడించిందంటే మీలో ఎంతమంది నమ్ముతారు? ఆ జట్టును తయారుచేసినవారు విదేశీ కోచ్ కాదు. మన పటాన్‌చెరులో బస్సెక్కితే దిగే హైదరాబాదులోని ఒక బడిపంతులు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం గారు.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతూనే అక్కడి జట్టుకు ఆడారు. తర్వాత స్థానిక క్లబ్బుల్లోనూ మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. చదువు పూర్తయ్యాక టీచరుగా చేరి కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పారు. ఆటను వదలలేక వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. అందుకే ఆయన కోచ్ అయ్యాక కూడా ఆటను పాఠంలాగే చెప్పేవారు.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత తీసుకున్నారు. అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా పేరే ముందు వినిపించేది. అలాంటి రోజుల్లో మన పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950, 1954 సంవత్సరాల్లో డ్యూరాండ్ కప్పు కూడా గెలిచింది. 1956, 1957లలో హైదరాబాదు రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీ సాధించింది.

ఈ విజయాల వెనుక ఉన్న పద్ధతులు మనం తెలుసుకోదగినవి. కుడికాలితో బాగా ఆడేవారు ఎడమకాలితోనే బంతిని తన్నాలని ఆయన ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. బంతిని తన దగ్గరే ఉంచుకుని ఒక్కడే ఉరకకూడదనే నియమంతో మరికొన్ని పోటీలు నడిపేవారు. బంతి వచ్చిందంటే వెంటనే పక్కవాడికి ఇవ్వాలి. ఎంత మొనగాడైనా పది మందిని కలుపుకుంటేనే జట్టు నిలుస్తుందని ఆయన నమ్మకం.

పేదపిల్లల్లో ప్రతిభను గుర్తించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేద కుటుంబంలో పుట్టినవాడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ కూడా లేదు. అద్దె సైకిల్‌కు డబ్బులు రహీం సారే ఇచ్చారని బలరాం పెద్దయ్యాక చెప్పుకునేవారు. ఆ పిల్లవాడే రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1962లో జపాన్ మీద గోల్ కొట్టినవారిలో అతనూ ఒకడు.

రహీం గారి శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాదే గట్టి దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. మనవాళ్ళలో చాలామంది ఆ చలిలో వట్టి కాళ్ళతోనే ఆడారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఇంకొకరైతే తలవంచుకుని తప్పుకునేవారేమో. రహీం సార్ మళ్ళీ మొదటి నుండి పని ప్రారంభించారు. నాలుగేళ్ళకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశమేదీ అంతకుముందు అంత దూరం పోలేదు. చివరకు మనకు నాలుగో స్థానం దక్కింది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచాం.

ఇక 1962 జకార్తా. అప్పటికే రహీం గారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. సిగరెట్ అలవాటు ఆయనను లోపలినుండి తినేసింది. తమ్ముళ్ళూ, అంత పెద్దమనిషి జీవితంలో మనం నేర్చుకోకూడనిది ఇదొక్కటే. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మీద 0-2తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను ఓడించాం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సార్ అతన్ని ఇంటికి పంపలేదు, ముందు వరుసలోకి మార్చారు. అతను సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై గోల్ చేశాడు.

సెప్టెంబరు 4న మళ్ళీ అదే దక్షిణ కొరియాతో ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన దేశపు క్రీడా ప్రతినిధి తప్పుపట్టినందుకు అక్కడి జనం మనమీద మండిపడుతున్నారు. స్టేడియం నిండా ఎగతాళి కేకలు. ఆ హోరులోనే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ చేశారు. మన హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ గోల్ దగ్గర గోడలా నిలిచాడు. 2-1తో బంగారం మనది. పది నెలలు తిరగకముందే, 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. 1962 తర్వాత ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టు బంగారం గెలవనేలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్‌కు కూడా పోలేదు. 2024లో ఆయన మీద హిందీలో మైదాన్ సినిమా వచ్చేదాకా మన పిల్లల్లో చాలామందికి ఆయన పేరే తెలియదు.

నేను హాస్టల్లో ఉన్నప్పుడు సెలవులకు ఇంటికి పోతే, కంపెనీలో నైటు డ్యూటీ చేసి వచ్చిన మా నాయిన, ఆట కూడు పెడ్తదా అని అడిగేవాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆటతోనే పోలీసు ఉద్యోగం సంపాదించి ఇల్లు నిలబెట్టుకున్న ఆనాటి హైదరాబాదు ఆటగాళ్ళ సంగతి తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి. అయితే మా నాయిన భయం కూడా తప్పు కాదు. ఆడినవాళ్ళందరికీ ఉద్యోగం రాదు. రహీం సార్ కూడా డిగ్రీ వదిలిపెట్టి ఆడలేదు, ఆట వదిలిపెట్టి చదవలేదు.

కాబట్టి తమ్ముళ్ళారా, సాయంత్రం గ్రౌండులోకి దిగినప్పుడు రహీం సార్ పెట్టిన ఆ రెండు పోటీలు మీరూ పెట్టుకోండి. చేతకాని కాలితో తన్నడం నేర్చుకోండి. బంతిని పక్కవాడికి ఇవ్వడం నేర్చుకోండి. లెక్కలు రానివాడికి లెక్కలు చెప్పడం కూడా బంతి ఇవ్వడం లాంటిదే. ఈ హాస్టల్లో నాకు అట్లా ఇచ్చినవాళ్ళు ఉన్నారు కాబట్టే ఈ రోజు నేను పీజీ చదువుతున్నాను.