వేరుపడినా తెగని బంధం



భర్త తాగి వచ్చి ఇంటిని నరకం చేస్తుంటే మన ఆడబిడ్డలకు రెండే సలహాలు వినిపిస్తాయి. పెద్దలు ఓర్చుకోమంటారు. లోకం విడాకులు తీసుకోమంటుంది. ఈ రెండింటి నడుమ శ్రీసభ ఎరిగిన మార్గం మరొకటి ఉన్నది. ఆ మార్గాన నడిచిన స్త్రీ రోజ్ హాథార్న్.

ఆమె 1851లో అమెరికాలోని లెనాక్స్ పట్టణంలో జన్మించారు. తండ్రి నథానియెల్ హాథార్న్ ప్రసిద్ధ నవలా రచయిత. 1871లో ఆమె జార్జ్ లాథ్రప్ అనే రచయితను వివాహమాడారు. వారి ఒక్కగానొక్క కుమారుడు 1881లో కంఠసర్పి వ్యాధితో నాలుగేళ్ల ప్రాయంలోనే మరణించాడు. 1891లో దంపతులిద్దరూ కతోలిక విశ్వాసాన్ని స్వీకరించారు. అయినా జార్జ్ తాగుడు వారి సంసారాన్ని కుంగదీస్తూనే వచ్చింది.

1895లో రోజ్ శ్రీసభ అనుమతి పొంది భర్తకు దూరంగా జీవించసాగారు. ఆమె విడాకులు కోరలేదు. మరో పెండ్లి తలపెట్టలేదు. కాపురం ఆగింది గాని జ్ఞానవివాహ బంధం ఆగలేదు.

ఆ ఒంటరితనంలో ఆమె కుమిలిపోలేదు. ఆ రోజుల్లో రాచపుండు, అంటే కాన్సర్, అంటువ్యాధి అని జనం భయపడేవారు. నయంకాని బీద రోగులకు దిక్కు ఉండేది కాదు. 1896లో ఆమె న్యూయార్క్‌లోని కాన్సర్ ఆసుపత్రిలో సేవ నేర్చుకుని, పేదల పేటలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, వారి పుండ్లు తన చేతులతో కడిగారు.

1898లో జార్జ్ మరణించారు. అంతవరకు ఆమె ఆయన భార్యయే. విధవరాలైన తరువాతనే, 1900లో, దొమినికన్ మఠకన్యగా మేరీ అల్ఫోన్సా అనే పేరు స్వీకరించారు. ఆమె స్థాపించిన సభ నేటికీ రోగుల వద్ద రుసుము తీసుకోదు. 1926లో ఆమె ప్రభువు సన్నిధి చేరారు. ఆమె వీరోచిత సుగుణాలను శ్రీసభ 2024లో గుర్తించింది.

ఆమె నడిచిన మార్గం నేటి శ్రీసభ చట్టంలోనూ ఉంది. జీవిత భాగస్వామి వలన ఆత్మకు గాని, శరీరానికి గాని, బిడ్డలకు గాని ఘోర ప్రమాదం ఉంటే పీఠాధిపతి అనుమతితో వేరుగా ఉండవచ్చును. ఆలస్యం ప్రమాదకరమైతే అనుమతి వచ్చేవరకు ఆగనక్కరలేదు. బిడ్డల పోషణ, చదువు మాత్రం నిర్లక్ష్యం చేయరాదు. ఆ కారణం తొలగిపోతే తిరిగి కలిసి జీవించాలి. మన దేశంలో క్రైస్తవులకు వర్తించే 1869 నాటి చట్టం కూడా వ్యభిచారం, క్రూరత్వం, రెండేళ్లు విడిచిపెట్టి వెళ్లడం అనే కారణాలపై, వివాహం రద్దు కాకుండానే విడిగా జీవించేందుకు కోర్టు తీర్పు పొందనిస్తుంది.

కనుక, దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన బిడ్డను పరువు కోసం వెనక్కు పంపకండి. ముందు ఆమెకు, పిల్లలకు రక్షణ చూపండి. తరువాత విచారణ గురువును కలవండి. ఇలా వేరుగా ఉన్నంత మాత్రాన ఆమె దివ్యసత్ప్రసాదానికి దూరం కాదు. గుడిలో ఆమెను వేలెత్తి చూపకండి. అతని మారుమనస్సు కోసం ప్రార్థించడమూ మరువకండి. ఇంటి తలుపు మూసినా ప్రార్థన తలుపు తెరిచే ఉంచవచ్చును.