హిదెత్సుగు యాగి

హిదెత్సుగు యాగి (జనవరి 28, 1886 - జనవరి 19, 1976) జపాను దేశానికి చెందిన ప్రముఖ విద్యుత్ ఇంజనీరు, ఆచార్యుడు. ఇంటి కప్పుపై నిలబెట్టి టెలివిజన్ ప్రసారాలను అందుకొనే కడ్డీల యాంటెన్నా ఈయన పేరుతో ప్రసిద్ధి చెందింది. అయితే దానికి సంబంధించిన ప్రయోగాలలో అధికభాగం చేసినవాడు ఈయన సహచరుడు షింతారో ఉడా (1896-1976). అందువలన శాస్త్రగ్రంథాలలో దీనిని యాగి-ఉడా యాంటెన్నా అని వ్యవహరిస్తారు.

జననం, విద్య

యాగి ఒసాకాలో జన్మించాడు. 1909లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడయ్యాడు. 1913లో విదేశాలకు వెళ్ళి జర్మనీలో బార్క్‌హౌసెన్, ఇంగ్లాండులో ఫ్లెమింగ్, అమెరికాలో పియర్స్ వంటి శాస్త్రవేత్తల వద్ద పరిశోధన చేశాడు. అనంతరం స్వదేశానికి తిరిగివచ్చి, సెండాయ్ నగరంలోని తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

యాంటెన్నా ఆవిష్కరణ

ఈ యాంటెన్నాలో ఒక కడ్డీకి మాత్రమే తీగ కలుపుతారు. దాని వెనుక కొంచెం పొడవైన కడ్డీ పరావర్తకంగాను, ముందున్న పొట్టి కడ్డీలు నిర్దేశకాలుగాను పనిచేస్తాయి. వీటివలన ఒకే దిక్కునుండి వచ్చే తరంగాలు బలంగా అందుతాయి. ఇతర దిక్కులవి క్షీణిస్తాయి. యాగి, ఉడాల తొలి పరిశోధనా పత్రాలు 1926లో వెలువడ్డాయి. అదే సంవత్సరం జపానులో లభించిన పేటెంటు మాత్రం యాగి ఒక్కడి పేరునే ఉంది. 1928లో యాగి ఆంగ్లంలో ప్రచురించిన వ్యాసం ద్వారా ఇది ప్రపంచానికి తెలిసింది. ఆ వ్యాసంలో ఉడా కృషిని పేర్కొన్నప్పటికీ వాడుకలో యాగి పేరే స్థిరపడిపోయింది.

యుద్ధకాలం

ఈ ఆవిష్కరణను స్వదేశం చాలాకాలం పట్టించుకోలేదు. బ్రిటన్, అమెరికాలు మాత్రం దీనిని రాడార్లలో ఉపయోగించాయి. 1942లో సింగపూరును ఆక్రమించిన జపాను సైనికులకు బ్రిటిష్ రాడారుకు సంబంధించిన కాగితాలు దొరికాయి. వాటిలోని యాగి అనే మాట వారికి అర్థం కాలేదు. అది తమ దేశపు ఆచార్యుని పేరేనని ఒక యుద్ధఖైదీ చెప్పగా తెలుసుకున్నారు. 1945లో హిరోషిమా, నాగసాకీలపై వేసిన అణుబాంబులలో ఎత్తును కొలిచే పరికరాలకు సైతం ఈ రకం యాంటెన్నాలనే అమర్చారు.

టెలివిజన్, డిజిటల్ ప్రసారాలు

యుద్ధానంతరం టెలివిజన్‌తో పాటు ఈ యాంటెన్నా ఇంటింటికీ చేరింది. 1980లలో దూరదర్శన్ కోసం తెలుగునాట మేడలపై నిలబెట్టినవి కూడా ఈ కోవకు చెందినవే. కడ్డీ పొడవు తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం ఉండాలి. 60 మెగాహెర్ట్జ్ ప్రసారానికి సుమారు 2.5 మీటర్ల కడ్డీ అవసరం కాగా, 500 మెగాహెర్ట్జ్‌కు 30 సెంటీమీటర్లు సరిపోతుంది. ప్రసారం అనలాగా, డిజిటలా అన్న భేదం యాంటెన్నాకు లేదు, పౌనఃపున్యమే ముఖ్యం. కనుక ఆ పౌనఃపున్యానికి తగిన పాత యాంటెన్నా డిజిటల్ ప్రసారాలను కూడా అందుకొంటుంది. అయితే సంకేతం బలహీనపడినపుడు అనలాగ్ చిత్రంపై చుక్కలు కనిపించేవి. డిజిటల్ చిత్రం ముక్కలై, చివరకు పూర్తిగా ఆగిపోతుంది. అందువలన యాంటెన్నాను ప్రసారకేంద్రం వైపు సరిగా తిప్పి బిగించడం అవసరం.

జపానులో అధిక ప్రాంతాలలో అనలాగ్ ప్రసారాలు జూలై 24, 2011న ముగిశాయి. ఆ ఏడాది మార్చిలో సంభవించిన భూకంపం, సునామీల కారణంగా ఇవాతె, మియాగి, ఫుకుషిమా ప్రాంతాలలో మాత్రం మార్చి 31, 2012 వరకు కొనసాగాయి. యాంటెన్నా పుట్టిన సెండాయ్ మియాగి ప్రాంతానికి రాజధాని.

పదవులు, గుర్తింపు

యాగి టోక్యో సాంకేతిక విద్యాసంస్థకు, ఒసాకా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా పనిచేశాడు. 1956లో జపాను ప్రభుత్వం ఈయనను సాంస్కృతిక పురస్కారంతో సత్కరించింది. ఉడా 1950లలో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో యునెస్కో నిపుణుడిగా సేవలందించాడు. ఇద్దరూ 1976లోనే మరణించారు.