మహాకవి జాషువా

గుర్రం జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. తల్లిదండ్రులది కులాంతర వివాహము. బాల్యమునుండి అంటరానితనము ఆయనను వెంటాడింది. రాజమండ్రిలో మూకీ చిత్రాలకు కథ చెప్పి పొట్ట పోసుకొన్నారు. ఉపాధ్యాయులైనను పద్యమును విడువలేదు. కవిసభలలో కులమడిగి కించపరచారు. పురాణ కథలు వ్రాశారని మన క్రైస్తవులలోనే కొందరు ఆక్షేపించారు. గుడి ప్రవేశము లేని పేదవాడు శివునికి పంపుకొన్న మొరయే 1941 నాటి ‘గబ్బిలం’. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు స్వహస్తాలతో ఆయన కాలికి గండపెండేరము తొడిగారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము, 1970లో పద్మభూషణ్ లభించినవి. 1971 జూలై 24న ప్రభువునందు నిద్రించారు.

అనకాపల్లిలో మనము ఆ కవిని మెచ్చుకొంటే చాలదు. మన ప్రక్కన కూర్చొనుటకు నేటికీ జంకుచున్నది ఎవరో చూచుకొందము.