తొలి ఓటు: ఫానీ లూ హేమర్ జీవితము

అమెరికాలో ఎన్నికలు వచ్చినప్పుడెల్ల నల్లజాతివారి ఓట్లు ఎటు మొగ్గునో యని పత్రికలు లెక్కలు కట్టుట నేడు పరిపాటి. 1962 నాటి మిసిసిపీ రాష్ట్రమున అట్టి లెక్కకు తావే లేదు. ఓటర్ల జాబితాకెక్కిన నల్లవారు నూటికి ఏడుగురైనను లేరు.

ఫానీ లూ హేమర్ ఆ రాష్ట్రమున 1917 అక్టోబరు 6వ తేదీన జన్మించెను. భూస్వామి పొలమును పాలుకు దున్నుకొను దంపతుల ఇరువదిమంది సంతానములో కడగొట్టు బిడ్డ. ఆరవ యేటనే పత్తి తీయబోయెను. పెద్దదైన పిమ్మట కూలీల హాజరు వ్రాయు పనికి కుదిరెను. 1961లో శస్త్రచికిత్సకై ఆసుపత్రికి పోగా, వైద్యుడు ఆమె యనుమతి లేకయే గర్భాశయమును తొలగించెను. అట్టి అన్యాయమునకు గురియైన బీదస్త్రీలు ఆ సీమలో పెక్కుమంది.

నలుబదినాలుగేండ్లు నిండువరకు తనకు ఓటుహక్కు గలదనియే ఆమె యెరుగదు. 1962 ఆగస్టు 31వ తేదీన పదునేడుగురితో కలిసి బస్సులో ఇండియనోలా పట్టణమునకు పోయి పేరు నమోదుకు దరఖాస్తు పెట్టెను. గుమాస్తా రాష్ట్ర రాజ్యాంగములోని యొక నిబంధన చూపి వ్యాఖ్యానింపుమనెను. వకీళ్లే తడబడు ప్రశ్న, ఆమె తప్పెను. తిరుగుదారిలో, బస్సు మరీ పసుపుపచ్చగా నున్నదను నేరముపై పోలీసులు జరిమానా వేసిరి! బస్సులోని బీదలే చందా వేసికొని చెల్లించిరి. తోడివారి జంకు తీర ఆమె భక్తిగీతములు పాడెను. ఇల్లు చేరునప్పటికే యజమానికి కబురందినది. దరఖాస్తు వాపసు తీసికొనుమనగా ఆమె ఒప్పుకొనలేదు. పదునెనిమిదేండ్ల కొలువు ఆ రాత్రితో సరి.

1963 జనవరిలో పరీక్ష నెగ్గెను. ఓటు వేయబోగా, ఓటుపన్ను రసీదులు తెమ్మనిరి. జూన్‌లో శిక్షణతరగతి నుండి మరలివచ్చుచుండగా వినోనాలో నిర్బంధించి, నల్లఖైదీల చేతనే కొట్టించిరి. మూత్రపిండము చెడెను, ఆ బాధ తుదివరకు వీడలేదు.

1964లో రాజ్యాంగ సవరణచే సమాఖ్య ఎన్నికలకు ఓటుపన్ను రద్దయ్యెను. ఆ యేడు ఆమె డెమొక్రాటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో కాంగ్రెసు స్థానమునకు నిలిచి, జీవితములో తొలి ఓటును తనకే వేసికొనెను. ఓడినదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఆగస్టులో ఆ పార్టీ మహాసభ అట్లాంటిక్ సిటీలో జరిగెను. మిసిసిపీ ప్రతినిధులందరును తెల్లవారే. వారికి బదులు తమను గుర్తింపవలెనని హేమర్ బృందము వాదించెను. ఆమె తన దెబ్బల కథ చెప్పుచుండగా, అధ్యక్షుడు జాన్సన్ హఠాత్తుగా విలేఖరుల ముందుకు వచ్చి టెలివిజన్ దృష్టిని మరల్చెను. ఎత్తు ఫలింపలేదు; ఆ రాత్రి దేశమంతయు ఆమె సాక్ష్యమును వినెను. తుదకు రెండే స్థానములిత్తుమనిరి. అందులో కూర్చుండువారిని గూడ పార్టీ పెద్దలే నిర్ణయించిరి. కొందరు నాయకులు దొరికినది పుచ్చుకొమ్మని హితవు పలికిరి. ఆమె బృందము కాదనెను. దీనిని మొండితనమన్నవారు గలరు. కాని ఎవరు కూర్చుండవలెనో ఇతరులు నిర్ణయించు స్థానమునకు ప్రాతినిధ్యమను పేరెట్లు చెల్లును?

1965లో ఓటుహక్కుల చట్టము వచ్చెను. రెండేండ్లలో మిసిసిపీ నల్లవారిలో నూటికి అరువదిమందికి చేరువగా నమోదైరి. 1968 షికాగో మహాసభలో ఆమె ప్రతినిధిగా కూర్చుండెను.

ఓటు అడిగిన పాపమునకు పని పోయినవారి ఆకలి ఆమెను నిలువనీయలేదు. 1969లో సహకార వ్యవసాయక్షేత్రమును నెలకొల్పెను. అందొక పందుల బ్యాంకు గూడ నుండెను: చూలుపందిని ఒక కుటుంబమునకిచ్చి, పిల్లలను వారికే విడిచి, తల్లిని మరల తెచ్చుకొనువారు. 1971లో రాష్ట్ర సెనెటుకు పోటీచేసి ఓడెను. 1977 మార్చి 14వ తేదీన మరణించెను. రూల్‌విల్‌లో ఆ క్షేత్రపు నేలలోనే ఆమె సమాధి యున్నది.