సామాన్యుడికి కారు అందించిన హెన్రీ ఫోర్డ్

కారు నేడు అందరికీ తెలిసిన వస్తువు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అది ధనవంతుల ముచ్చట. దానిని రైతు ఇంటి ముందు నిలబెట్టిన ఘనత హెన్రీ ఫోర్డ్‌ది. ఆయన గెలుపు గురించి మనలో చాలామంది చదివే ఉంటారు. ఆయన ఎక్కడ పొరబడ్డారో కూడా తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఫోర్డ్ 1863 జూలై 30న అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో, డియర్‌బార్న్ దగ్గర ఒక రైతు కుటుంబంలో జన్మించారు. తండ్రి విలియం ఐర్లాండ్ నుంచి వలస వచ్చినవారు. ఫోర్డ్‌కు పన్నెండేళ్లప్పుడు తల్లి మేరీ మరణించింది. పొలం పనులకంటే యంత్రాలను విప్పి బిగించడమే ఆ పిల్లవాడికి ఇష్టం. పల్లెటూరి బడి చదువుతోనే 1879లో డెట్రాయిట్ వెళ్లి మెషిన్ షాపులో పనికి చేరారు. 1891లో ఎడిసన్ విద్యుత్ కంపెనీలో ఇంజనీరు అయ్యారు. పగలు ఉద్యోగం, రాత్రి ఇంటి వెనుక షెడ్డులో ప్రయోగాలు. 1896లో నాలుగు సైకిల్ చక్రాలతో మోటారు బండి తయారైంది. తలుపులోంచి అది పట్టకపోతే గోడ పగలగొట్టి బయటికి తీశారు.

1899లో మొదలైన ఆయన మొదటి కంపెనీ రెండేళ్లలో మూతపడింది. రెండవదాని నుంచి 1902లో ఆయనే బయటికి వచ్చేశారు. 1903లో, నలభై ఏళ్లు నిండబోతున్న వయసులో, ఫోర్డ్ మోటార్ కంపెనీ ప్రారంభమైంది.

1908లో మోడల్ టి కారు వచ్చింది. వెనేడియం కలిపిన ఉక్కుతో చేయడం వల్ల తేలికగా, గట్టిగా ఉండేది. గతుకుల మట్టి రోడ్ల మీద కూడా నడిచేలా ఎత్తుగా కట్టారు. చిన్న రిపేర్లు రైతే చేసుకోగలిగేవాడు. ధర మాత్రం 850 డాలర్లు. ధర తగ్గాలంటే ఎక్కువ కార్లు తయారు కావాలి. అందుకే 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టారు. కారు కదులుతూ వస్తుంటే ఒక్కొక్కరు ఒక్కొక్క పని చేస్తారు. పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ బిగింపు గంటన్నరకు దిగింది. అయితే రోజంతా అదే మర బిగించలేక కార్మికులు మానేసి పోయేవారు. వారిని నిలుపుకోవడానికి 1914 జనవరిలో రోజుకు 8 గంటల పని, 5 డాలర్ల వేతనం ప్రకటించారు. అది అప్పటి కూలికి దాదాపు రెట్టింపు. 1920లలో కారు ధర 300 డాలర్లకు లోపే వచ్చింది. ఒక దశలో అమెరికాలో అమ్ముడయ్యే కార్లలో సుమారు సగం ఫోర్డ్‌వే.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1914 నుంచి 1925 వరకు మోడల్ టి నలుపు రంగులోనే వచ్చింది. ఒకే రంగు, ఒకే రూపం అయితేనే చౌక అని ఫోర్డ్ నమ్మకం. కానీ మొదటి కారు కొన్న రైతుకు రెండవసారి కొనేటప్పుడు కాస్త అందమైనది కావాలనిపించింది. జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ ఇది గ్రహించారు. ఒక్కొక్క ఆదాయానికి ఒక్కొక్క కారు, ఏటా కొత్త మార్పు, రకరకాల రంగులు తెచ్చారు. 1927లో హార్లీ ఎర్ల్ ఆధ్వర్యంలో డిజైన్ కోసం ప్రత్యేక విభాగమే పెట్టారు.

ఫోర్డ్ కుమారుడు ఎడ్సెల్ 1919 నుంచి కంపెనీ అధ్యక్షుడు. కొత్త మోడల్ కావాలని ఆయన ఎంత చెప్పినా తండ్రి వినలేదు. 1926లో ఎడ్సెల్ తోడల్లుడు ఎర్నెస్ట్ కాంజ్లర్ ఇదే విషయం రాసిచ్చి ఉద్యోగం పోగొట్టుకున్నారు. చివరకు 1927 మే నెలలో కోటీ యాభై లక్షలవ కారుతో మోడల్ టి ఆగింది. తర్వాతి కారు సిద్ధంగా లేదు. ఫ్యాక్టరీలు నెలల తరబడి మూతపడి వేలమంది కార్మికులు పని లేక అల్లాడారు. యజమాని పంతానికి మూల్యం చెల్లించింది వాళ్లే. డిసెంబరులో ఎడ్సెల్ తీర్చిదిద్దిన మోడల్ ఎ రంగులతో, నాలుగు చక్రాలకూ బ్రేకులతో వచ్చి 40 లక్షలకు పైగా అమ్ముడైంది. అయినా 1930లలో జనరల్ మోటార్స్ ముందుకు వెళ్లిపోయింది.

ఫోర్డ్‌లో మచ్చలూ ఉన్నాయి. 1920లలో ఆయన పత్రిక యూదులపై ద్వేషం నూరిపోసింది. 1937లో ఆయన కంపెనీ మనుషులు యూనియన్ నాయకులను కొట్టారు. 1943లో ఎడ్సెల్ 49 ఏళ్లకే కన్నుమూశారు. 1947 ఏప్రిల్ 7 రాత్రి, వరదలకు కరెంటు పోయిన ఇంట్లో, 83వ ఏట ఫోర్డ్ మరణించారు.

మిత్రులారా! హాస్టల్లో అందరికీ ఒకే రకం ట్రంకు పెట్టె ఇచ్చినప్పుడు మనం మొదట చేసిన పని దాని మీద పెయింటుతో పేరు రాసుకోవడం. కొందరం పక్కన పువ్వు కూడా వేసుకున్నాం. ఆ పెట్టె అందరికీ అందడం ముఖ్యమే, గట్టిగా ఉండడం కూడా ముఖ్యమే. ఆ పువ్వూ ముఖ్యమే. మొదటి రెండూ ఫోర్డ్‌కు అందరికంటే బాగా తెలుసు, మూడవది కొడుకు చెప్పినా వినలేదు. రేపు మనలో ఎవరైనా పదిమందికి వస్తువు అందించే స్థానంలో కూర్చుంటే, పేదవాడికి ఇది చాలులే అనే మాట మన నోట రాకూడదని కోరుకుందాం.