ఎడారి దాటించి నీళ్లు తెచ్చిన ముల్‌హాలండ్

పెద్ద పనులు చేసినవారి జీవితాలను మనం పాఠాల్లో చదువుతుంటాం. వారి వల్ల బాగుపడినవారి సంగతే వాటిలో ఎక్కువగా ఉంటుంది. నష్టపోయినవారి సంగతి కూడా కలిపి చదవవలసిన జీవితం విలియం ముల్‌హాలండ్‌ది.

ఆయన 1855లో ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో జన్మించాడు. చిన్న వయసులోనే ఇల్లు విడిచి ఓడల్లో పనికి కుదిరాడు. 1877లో అమెరికాలోని లాస్ ఏంజిల్స్ చేరాడు. అక్కడి నీటి కంపెనీలో కాలువల పూడిక తీసే పని దొరికింది. మన పల్లెల్లో నీరటికాడి పని లాంటిదన్నమాట. ఆయన ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కలేదు. పగలు పని చేసి, రాత్రి పుస్తకాలు చదివి అంతా నేర్చుకున్నాడు. 1886లో ఆ కంపెనీకే సూపరింటెండెంట్ అయ్యాడు. హాస్టళ్లలో ఉండి చదువుకునే మనకు ఇది ధైర్యమిచ్చే విషయం.

1900 నాటికి లక్ష జనాభా దాటిన ఆ నగరానికి ఉన్న చిన్న నది చాలలేదు. అప్పుడు సియెర్రా నెవాడా కొండల మంచు కరిగి పారే ఓవెన్స్ నదిపై ఆయన దృష్టి పడింది. 1908లో పని మొదలైంది. 1913 నవంబరు 5న నీరు నగరానికి చేరింది. కాలువలు, సొరంగాలు, ఉక్కు గొట్టాల గుండా 375 కిలోమీటర్లు, ఒక్క పంపు లేకుండా కేవలం వాలు మీదనే నీరు నడిచింది.

మరి ఆ నీరు ఎవరిది? ఓవెన్స్ లోయలో పైయూట్ ఆదివాసులు ఏనాడో కాలువలు తవ్వుకున్నారు. 1863లో సైన్యం వారిని అక్కడి నుంచి తరిమింది. తర్వాత స్థిరపడిన రైతుల దగ్గర నగరం తరఫువారు అసలు ఉద్దేశం చెప్పకుండా భూములు, నీటి హక్కులు కొన్నారు. 1924లో కడుపు మండినవారు కాలువను డైనమైట్‌తో పేల్చారు. కొద్ది ఏళ్లలోనే ఓవెన్స్ సరస్సు ఎండిపోయింది. దాని అడుగు నుంచి లేచే దుమ్మును అణచడానికి 2001 నుంచి నగరమే మళ్లీ అక్కడ నీరు వదలవలసి వచ్చింది.

ఆయన కట్టించిన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్‌లో 1928 మార్చి 12న కొత్తగా నీరు కారుతోందని కాపలాదారు కబురు చేశాడు. ముల్‌హాలండ్ వెళ్లి చూసి ప్రమాదం లేదన్నాడు. ఆ అర్ధరాత్రే డ్యామ్ కూలింది. కనీసం 431 మంది చనిపోయారు. తప్పంతా తనదేనని ఆయన ఒప్పుకున్నాడు. విచారణలో నేరం మోపలేదు గాని, ఇంత పెద్ద నిర్మాణాన్ని ఒక్క మనిషి నిర్ణయానికి వదలరాదని తేల్చారు. పదవి వదిలిన ఆయన 1935లో మరణించాడు.

ఆయనను మహనీయుడనేవారూ, నీటి దొంగ అనేవారూ నేటికీ ఉన్నారు. ఆయన పట్టుదలను మేము నేర్చుకుంటాం. కాని రేపు మాలో ఎవరైనా ఇంజనీర్లమైతే, నీరు ఎవరికి అందుతుందో లెక్కవేసే ముందు ఎవరికి ఆగిపోతుందో అడిగి తెలుసుకుంటాం.